రైలు కూత దాకా విన్న మాట

విజయనగరం

పొందూరు వెళ్ళే పాసింజరు సమయానికే వచ్చింది. నేను ఎక్కలేదు. హైదరాబాదు నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చింది దానికోసమే. అయినా బెంచీ మీద కూర్చుని, అది కదిలిపోయేదాకా చూస్తూ ఉండిపోయాను.

"ఏటి బావూ, ఎక్కనేదు?" అన్నాడు టీ అమ్మే మనిషి.

"తర్వాతది చూద్దాం."

"తర్వాతదీ ఇలగే ఉంటాది. రంగు కూడా మారదు."

స్టేషను బయట ఇడ్లీ తిన్నాను. నాలుగు ఇడ్లీ ముప్పై రూపాయలు. అల్లం పచ్చడిలో బెల్లం తగిలింది. మా గుంటూరు వైపు ఇడ్లీకి కారం అద్దుకుంటాం, తీపి తగిలితే మొహం చిట్లిస్తాం. ఇక్కడ పక్కనున్నాయన ఆ పచ్చడి మూడోసారి వేయించుకున్నాడు. నాకు రుచి తెలియలేదు. కాలు నిలవడం లేదు.

నేనెందుకు వచ్చానో ముందే చెప్పేస్తాను. హైదరాబాదులో ఒక బట్టల కంపెనీకి కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తాను. బట్టల వ్యాపారంలో వృథా చాలా ఎక్కువ. అమ్ముడుపోని చొక్కాలు గోదాముల్లో మూలుగుతాయి. కత్తిరించిన ముక్కలు చెత్తలో కలుస్తాయి. తప్పున్న బట్టకి రంగులు వేసి, ఊళ్ళు తిప్పి, కుట్టి, చివరికి పారేస్తారు. ఎన్ని అమ్ముడవుతాయో కృత్రిమ మేధతో ముందే అంచనా వేయడం, తక్కువ గుడ్డలో ఎక్కువ ముక్కలు పట్టేలా అమర్చడం, తప్పుల్ని మొదట్లోనే పట్టుకోవడం మా పని. మూడూ మంచి పనులే. ఇప్పటికీ అదే అంటాను.

మూడోది నా చేతిలో పడింది. కెమెరా కింద బట్ట జరుగుతూ ఉంటే, తప్పు కనిపించినచోట ఎర్ర చుక్క పెట్టే ప్రోగ్రాము రాశాను. తప్పంటే ఏమిటో దానికి నేర్పడానికి వేల ఫోటోలు చూపించాను. అన్నీ మిల్లు బట్టవే. చేతితో వడికిన నూలు ఎలా ఉంటుందో నాకే తెలియదు, ఇక దానికేం నేర్పుతాను? పొందూరు నుంచి బట్ట వచ్చింది. నా ప్రోగ్రాము చుక్కలు పెట్టింది. బట్ట వెనక్కి వెళ్ళింది. అలా మూడుసార్లు.

అప్పుడొక ఆడమనిషి గొంతుతో ఫోన్ సందేశం వచ్చింది. ఆఫీసు దాన్ని నాకు పంపింది. నాలుగు నిమిషాలు. కారులో, సిగ్నల్ దగ్గర ఆగి విన్నాను. "బావూ, మీరు ఎర్ర సుక్కలెట్టిన కాడల్లా సెయ్యెట్టి సూసినాను. అది తప్పు కాదు బావూ, సేతి నూలు అలగే ఉంటాది. ఎవులైనా ఓపాలి వొచ్చి సూడండి. ఇంకోటేటంటే…" అంతలో వెనక రైలు కూత వేసింది. ఇక్కడ ఆకుపచ్చ దీపం వెలిగింది. ఆపేశాను. నాలుగు నిమిషాలు ఎవరు వింటారు అనుకున్నాను. అది ఏడు నెలల కిందటి మాట.

ఆ తర్వాత పొందూరు బట్టలో ఒక్క చుక్కా పడలేదు. మీటింగులో నాకు చప్పట్లు కొట్టారు. ఆ బట్టతో కుట్టిన చొక్కా ఒకటి నాకూ ఇచ్చారు. ఎండలు మొదలయ్యాక వేసుకుంటే ఒంటికి అంటుకుపోయింది. మొదట వచ్చిన పొందూరు బట్టలో వెనక్కి పంపకుండా మిగిలిపోయిన ఒక పాత ముక్క నా సొరుగులో ఉంది. రెండూ పక్కన పెట్టి మొదటిసారి వేళ్ళతో తడిమాను. చొక్కా మిల్లు నూలు. నా యంత్రం మెచ్చుకున్నది దాన్ని. ఆఫీసులో కారణం చెప్పకుండా సెలవు పెట్టి బయల్దేరాను.

గజపతినగరం

పొందూరు తూర్పున ఉంటే నేను పడమటి బస్సెక్కాను. ఎవరినీ మోసం చేయలేదు, నన్ను నేను తప్ప. ఆ దారిలో కుట్టుపని ఎలా సాగుతుందో చూసి వద్దామని ఒక సాకు చెప్పుకున్నాను. బస్సు దిగుతుంటే కిటికీ దగ్గర మేకు తగిలి చొక్కా భుజం దగ్గర బెత్తెడు చిరిగింది. వేసుకున్నది ఆ చొక్కానే.

బజారులో తాటి ముంజలు గుట్టలుగా పోసి ఉన్నాయి. వాటి వెనక ఒక చిన్న కుట్టు మిషను. దర్జీ పేరు తవిటయ్య. అరవై దాటి ఉంటాయి. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని చిరుగు చూశాడు, తర్వాత బట్టని బొటనవేలితో రుద్దాడు.

"ఏటని సెప్పి అమ్మినారు ఇది?"

"పొందూరు."

"ఎవులో మిమ్మల్ని మోసం సేసినారు బావూ."

చొక్కా విప్పి ఇచ్చాను. ఆయన కుడుతూ ఉంటే, కింద ఒక బస్తాలో కత్తిరింపు ముక్కలు చూసి, మాటకోసం నా విద్య గురించి చెప్పాను. గుడ్డ మీద ముక్కల్ని ఎలా అమరిస్తే వృథా తగ్గుతుందో కంప్యూటర్ క్షణంలో చెబుతుందన్నాను.

"మంచిదే. మా గురువు కత్తెర ముట్టుకునే ముందు గడియసేపు సూసీవోడు. మరి అలగ మిగిల్న గుడ్డతో ఏటి సేస్తారు?"

"ఇంకో చొక్కా కుడతారు."

"అది ఎవులైనా కావాలన్నారా?"

"లేదు."

"మరి మిగిల్నదేటి?" అని దారం కొరికాడు. "నా ముక్కలు బొంతలకి పోతాయి. అడిగినోళ్ళకే ఇస్తాను."

జవాబు లేకపోలేదు. అమ్మకాల్ని ముందే అంచనా వేసే ప్రోగ్రాము ఉన్నది అందుకే. కానీ దాని మాట కంటే అమ్మకాల విభాగం మాటే చెల్లుతుంది. అది చూస్తూ కూడా నేనెప్పుడూ నోరు విప్పలేదు. ఇదంతా తవిటయ్యకి చెప్పలేదు. పక్కనే ఒకామె చోడి అంబలి, అదే రాగి అంబలి, అమ్ముతోంది. గ్లాసు పదిహేను రూపాయలు, నంజుకోడానికి ఉల్లిపాయ ఊరికే. నిలబడే తాగి, విజయనగరం వెళ్ళే బస్సు వెనక పరుగెత్తాను. పొద్దున్న ఎక్కని పాసింజరుకి సాయంత్రం ఇంకో జత ఉంది. తవిటయ్య కుట్టు ఎక్కడుందో ఇప్పటికీ వెతికితే గానీ కనిపించదు.

పొందూరు

ఆ సాయంత్రం పొందూరు చేరి, ఒక గది చూసుకుని పడుకున్నాను. తెల్లారగానే చిరునామా పట్టుకుని నేతగాడు సన్యాసిరావు ఇంటికి వెళ్ళాను. స్టేషనుకి దగ్గరే. యాభై ఏళ్ళ మనిషి, గుంట మగ్గంలో నడుము దాకా దిగి నేస్తున్నాడు. చేనేత గురించి రాసేవాణ్ణని చెప్పాను. అదొక అబద్ధం. ఆయన మంచినీళ్ళిచ్చి, నేసిన బట్ట అంచు నా ముందుకు జరిపాడు. నేను ఫోన్ తీసి ఫోటో పట్టాను.

పోగుల మధ్య అటూ ఇటూ పరుగెడుతున్న నాడె ఆగింది.

"బట్ట ఇస్తే ఎవులైనా ముందు సెయ్యేస్తారు," అన్నాడు సన్యాసిరావు. "ఏలు తగలకుండా ఫోనెట్టినావంటే నువ్వు ఆ కంపినీ మనిషివి."

ఒప్పుకున్నాను. ప్రోగ్రాము రాసింది కూడా నేనే అన్నాను. తిడతాడనుకున్నాను. గుంటలోంచి పైకి వచ్చి, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"మూడుపాల్లు ఎనక్కొచ్చినాది. నాలుగోపాలి మిల్లు నూలేసి పంపినాను, ఎవులైనా పట్టుకుంటారేమోనని. మెచ్చుకుంటూ కబురెట్టినారు. పట్టుకుంటే బాగున్ను." ఆగి మళ్ళీ అన్నాడు. "తప్పు నాది కాదనను. సెయ్యి నాదే కదా ఏసింది."

అప్పుడు గానీ అసలు సంగతి తెలియలేదు. నాకు సందేశం పంపింది ఆయన మేనత్త అప్పలనరసమ్మ. ముప్పై ఏళ్ళుగా ఆమె వడికిన నూలే ఆయన నేశాడు. మగ్గం మీదికి మిల్లు నూలు ఎక్కిన రోజు ఆమె రాట్నానికి గోనెసంచి చుట్టేసింది. ఆ రోజు నుంచి మేనల్లుడితో మాట్లాడలేదు. ఆఖరికి రెండు నెలల కిందట శ్రీముఖలింగంలో కూతురింటికి వెళ్ళిపోయింది. వెనక్కి వచ్చిన ఒక బట్ట, వాలుగ చేప దవడ, ఈ రెండే పట్టుకెళ్ళింది.

చేప దవడేమిటని అడిగాను. సన్యాసిరావు నన్ను జాలిగా చూశాడు. ఇక్కడి కొండపత్తిని మొదట దువ్వేది దానితోనేనట. సన్నటి పళ్ళుంటాయి. నలకలు పోయి, పీచు ఒక వరసకి వస్తుంది. ఇనప దువ్వెన పెడితే పీచు తెగుతుంది. నేను పత్తి చేల మధ్య పుట్టినవాణ్ణి. మా వైపు పత్తి ట్రాక్టర్లలో మిల్లుకి పోతుంది, గింజ తీయడం కూడా ఇంట్లో ఎవరూ చూడరు. ఎర్ర జీర ఉన్న ఈ చిన్న కాయల పత్తిని ఇంత ఓపికగా దువ్వుతారని ఆ రోజే తెలుసుకున్నాను. అంతకు ముందే ఆ నూలు మీద తీర్పు చెప్పాను.

"ఇక్కడ పత్తి దువ్వీవోళ్ళు, ఒడికీవోళ్ళు ఉన్నారు గానీ, అంత సన్నం ఆవిడికే ఒస్తాది," అన్నాడు. "ఏసంగి ఎల్లిపోతన్నాది. ఇంకో ఏడు ఇలగే సెయ్యి ఊరుకుంటే మళ్ళీ ఒంగదు."

ఆమె దగ్గరికి వెళ్దాం రమ్మన్నాను.

"నానొస్తే తలుపెయ్యీస్తాది." లోపలికి వెళ్ళి, ఒక గుడ్డ సంచిలో కొండపత్తి కుక్కి తెచ్చాడు. "ఇది ఇచ్చీయండి. ఈ ఏసిన పడుగవ్వగానే మిల్లు నూలు మానీస్తానని సెప్పండి." గుమ్మం దాటాక మళ్ళీ పిలిచాడు. "అది సెప్పకండి. పత్తి ఒక్కటీ ఇచ్చీయండి."

నరసన్నపేట

శ్రీకాకుళంలో బస్సు మారాను. సంచి కుట్టు ఒకచోట వదులుగా ఉందని నరసన్నపేట ఇంకా అయిదారు మైళ్ళుండగా తెలిసింది. ముందు సీటులో ధాన్యం వ్యాపారి తలలో తెల్లటి పత్తి, ఆయన పక్కన కూర్చున్న భార్య కొప్పులో పత్తి.

"ఓసోసి, దారిలోనే ముసిలోణ్ణయిపోనాను," అన్నాడాయన అద్దంలో చూసుకుంటూ.

"ఇప్పుడా తెలిసినాది?" అంది భార్య.

బస్సంతా నవ్వింది. నేను సీట్ల కింద దూరి పీచు ఏరుకుంటూ ఉంటే ఇద్దరు ముగ్గురు సాయం చేశారు. వ్యాపారి భార్య తన రవిక పిన్నీసు తీసి సంచికి పెట్టింది. "ఎవులికి తీసికెల్తన్నావు?" అని అడిగితే, "ఒక పెద్దావిడకి, తప్పు దిద్దుకోడానికి," అన్నాను. ఎందుకో ఆ బస్సులో అబద్ధం రాలేదు. "తప్పుకి పత్తేటి, అరిసెలట్టుకెల్లాల," అంది.

నరసన్నపేటలో భోజనం చేశాను. నెత్తళ్ళనే చిన్న చేపల వేపుడు, ఉలవచారు, నూట ఇరవై రూపాయలు. పెద్ద రోడ్డు పక్కన బట్టల కొట్ల ముందు చొక్కాలు వరసగా వేలాడుతున్నాయి, మూడు కొంటే ఒకటి ఊరికే. ఎవరూ అడగని ఆ నాలుగోది తవిటయ్యకి చూపించాలనిపించింది. తిండి సగంలో లేచాను. శ్రీముఖలింగం వెళ్ళే ఆటో అతను ఇంకో ఇద్దరు ఎక్కితే గానీ కదలనన్నాడు. ఆ అరగంటలో రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగుసార్లు నడిచాను.

శ్రీముఖలింగం

వంశధారలో నీళ్ళు సన్నగా ఒక పక్కకి పోయి ఉన్నాయి. గుడి వీధిలో అడగ్గానే ఇల్లు చూపించారు. అప్పలనరసమ్మ అరుగు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊరికే ఉన్న ఆ చేతుల్ని చూడలేకపోయాను.

పత్తి సంచి ముందు పెట్టాను. పిన్నీసు తీసి చూసి, "సన్నాసి పంపినాడా?" అంది. తల ఊపాను. "పత్తి పంపడానికి నోరక్కర్లేదు. ఆడికదే సుకం."

కూతురు మజ్జిగ తెచ్చింది. నేను ఎవరో, ఏం రాశానో చెప్పాను. ఈసారి వాకిట్లోనే చెప్పాను. ఫోన్ తీయలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఇన్నాళ్ళకొచ్చినావా?" అంది అప్పలనరసమ్మ. కోపంగా అనలేదు. అదే కష్టంగా ఉంది. "ఒసే, ఆ గుడ్డట్రా."

కూతురు లోపలి నుంచి బట్ట తెచ్చి మడత విప్పింది. నా ప్రోగ్రాము పెట్టిన చుక్కల చోట ఆఫీసులో అంటించిన ఎర్ర బిళ్ళలు ఆరు, అలాగే ఉన్నాయి. "పంతులుగారు సూసి ముచ్చటపడినారు," అంది కూతురు. "సామికి కడతాను ఇమ్మన్నారు. అమ్మ ఇవ్వనేదు."

నా తీర్పుని ఆవిడ కూడా నమ్మేసిందని అనుకున్నాను. ఇందులో తప్పేమీ లేదమ్మా, యంత్రానికి తెలియదు, నాకూ తెలియదు అని గబగబా చెబుతున్నాను. ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది. కళ్ళు మూసుకుని, బొటనవేలు ఒక్కో బిళ్ళ కింద నెమ్మదిగా జరిపింది.

"ఇది నూలు. ఇది నూలు. ఇదీ నూలే, పీచు కాస్త లావు." అయిదు దాటింది. ఆరోదాని దగ్గర వేలు ఆగింది. "ఇది తప్పు. నాదే. ఆ దినం జొరం, పురి బిగిసిపోనాది. తప్పున్న గుడ్డ సామికి ఎలగిత్తాను?"

నేను వంగి ఆ చోటు వేలితో తడిమాను.

"నీకు సెప్పినాను కదా ఇదంతా, ఫోన్ల," అంది.

చెప్పాల్సిన మాట అదే మిగిలింది. "సగమే విన్నానమ్మా."

"ఎంతదాకా?"

"రైలు కూత దాకా."

"ఉన్నాదా అది?"

ఉంది. ఏడు నెలలుగా చెరపలేదు, వినలేదు. ఫోన్ అరుగు మీద పెట్టి మొదటి నుంచి నొక్కాను. ఆమె గొంతు, ఎర్ర చుక్కల సంగతి, ఇంకోటేటంటే, రైలు కూత. నేను ఆపేసిన చోటు దాటింది. కూత అణిగాక ఆమె గొంతు మళ్ళీ వచ్చింది. "ఆరు సుక్కల్లోన ఐదు నూలు బావూ. ఆరోది నా తప్పు. ఆ జానెడూ కత్తిరించీసి మిగిల్నది ఉంచుకోండి. నా తప్పుకి మావోడి నేతని ఎనక్కి పంపీకండి."

అంతే. నిమిషం కూడా లేదు. మిగతా మూడు నిమిషాలూ మాట లేదు. ఫోన్ ఆపడం తెలియక, పక్కన పెట్టి పనిలో పడినట్టుంది. రాట్నం తిరుగుతోంది. సన్నగా, మధ్యలో ఒకసారి కిర్రుమంటూ, మళ్ళీ తిరుగుతూ. కూతురు గుమ్మానికి ఆనుకుని వింది. అప్పలనరసమ్మ మెడ పక్కకి వంచి, చివరిదాకా కదలకుండా వింది.

"కదురు కాడ కిర్రుమంటాది," అంది. "నూనెయ్యాల."

ఆ సాయంత్రం దీపం పెట్టేదాకా కూర్చుని ఆ బట్టని జానెడు జానెడు చొప్పున ఇద్దరం చూశాం. ఆమె వేలితో చెప్పాక నేను ఫోటో తీసి రాసుకున్నాను. నా చొక్కా అంచు కూడా పట్టుకుంది. "దీన్లో తప్పెక్కడని రాయను?" అని అడిగాను. "అంతా," అంది. రాసుకున్నాను.

తిరుగు దారి

మర్నాడు పొద్దున్న బస్సు దగ్గరికి వెళ్తే ఆమె అప్పటికే కూర్చుని ఉంది. ఒళ్ళో పత్తి సంచి, దాని మీద గుడ్డలో చుట్టిన చేప దవడ. "సన్నాసికి ఫోన్ సెయ్యకు," అంది.

పొందూరులో ఇంటి ముందు దిగేసరికి సన్యాసిరావు మగ్గంలో ఉన్నాడు. మేనత్తని చూసి గుంటలోంచి లేచాడు. కత్తెర తీసుకుని, మగ్గానికి సాగదీసి కట్టిన మిల్లు నూలు పడుగు మీద పెట్టాడు.

"ఏసింది కోస్తే పాపం," అంది ఆమె నన్ను చూస్తూ, నాతో అంటున్నట్టు. "అవగొట్టమను. తర్వాత నూలుకి నా కాడికి రమ్మను." అని వీధి అవతల ఉన్న తన వాకిట్లోకి వెళ్ళిపోయింది. గోనెసంచి విప్పిందో లేదో నేను చూడలేదు. రైలుకి టైమైంది.

హైదరాబాదు వెళ్ళాక ముందు ఆఫీసులో నిజం చెప్పాను. పొందూరు పేరుతో మనం మిల్లు బట్ట అమ్ముతున్నామని, దానికి కారణం నేతగాడి కంటే ముందు నేనని. ఆ చొక్కాల మీద పేరు తీసేశారు. నాకు మాటలు పడ్డాయి, పడాల్సినవే. తర్వాత ప్రోగ్రాము మార్చాను. ఇప్పుడది చేతి నూలులో సందేహం వచ్చిన చోట తీర్పు చెప్పదు. ఫోటో తీసి, నేసినవాళ్ళ ఊరికే పంపి అడుగుతుంది. పని నెమ్మదించిందని కొందరికి విసుగు. దీన్ని ఎన్నాళ్ళు ఉంచుతారో నాకు తెలియదు. ఇంకా నిద్ర సరిగా పట్టడం లేదు.

మొన్న పొందూరు నుంచి మొదటి జవాబు వచ్చింది. అయిదు నిమిషాల సందేశం. ఆఫీసు మెట్ల మీద కూర్చుని విన్నాను. "మూడో ఫోటో నూలు బావూ. నాలుగోది నేత తప్పు, పోగు జారింది, ఆణ్ణి అడగండి," అని అప్పలనరసమ్మ గొంతు. అక్కడికి మాట అయిపోయింది. తర్వాత రాట్నం. కిర్రుమనడం లేదు. పైనుంచి ఎవరో పిలుస్తున్నారు, లేవలేదు. అయిదో నిమిషం ముగుస్తుండగా రాట్నం ఆగి, ఆమె గొంతు మళ్ళీ వినిపించింది, దూరంగా, వీధి అవతలికి కేకేస్తూ.

"ఒరే సన్నాసీ, ఇది ఎలగ ఆపాలిరా?"